తెల్ల చుక్కల వరుస

బోర్డు మీద ‘ప్రమదం’ అని ఉంది.

అక్షరాలాయన సైకిలు దిగి స్టాండు వేశాడు. రెండు చేతులూ నడుముకు ఆనించి తీరిగ్గా చూశాడు. ఎర్ర రేకు, దాని మీద తెల్ల పుర్రె, పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలు, వాటి కింద ఆ మాట. మకారానికి దీర్ఘం లేదు. చోటు చాలక వదిలేశాడేమో అనుకుందామంటే, రేకు మీద ఇంకో రెండక్షరాలకు చోటుంది.

“ప్రమద అంటే ఆడది,” అన్నాడు పైకే. దారిలో వినేవాళ్ళెవరూ లేరు. “ముందు ఆడవాళ్ళున్నారు, జాగ్రత్త అని రాశాడు మహానుభావుడు.”

ఆ మాట తనకే భలే నచ్చింది. ఇంటికెళ్ళేలోగా మరిచిపోకుండా రెండుసార్లు అనుకున్నాడు.

ఊళ్ళో చివరి ఇల్లు దాటాక ఆ దారి ఇటుకబట్టీకి పోతుంది. యుద్ధం నాటి రోజుల్లో దానికి రెండు పక్కలా మందుపాతరలు పాతారు. యుద్ధం పోయింది, పాతినవాళ్ళూ పోయారు, పాతినవి మాత్రం ఉండిపోయాయి. వాటిని తీసే సంస్థవాళ్ళు ఎండాకాలమంతా మోకాళ్ళ మీద పాకుతూ, రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టే వెడల్పున బట్టీ దాకా దారి శుభ్రం చేశారు. దారికి రెండు అంచులా తలకాయంత రాళ్ళు పెట్టించారు. ప్రతి రాయీ సగం తెలుపు, సగం ఎరుపు. తెలుపు దారివైపు, ఎరుపు పొదలవైపు. తెలుపు పట్టుకుని నడిస్తే ఇంటికి, ఎరుపు దాటితే మంటికి అని ఊళ్ళో అప్పుడే ఒక సామెత కూడా పుట్టింది.

ఆ రాళ్ళు పెట్టి రంగులు వేసిందీ, ఈ బోర్డులు రాసిందీ అతని తోడల్లుడు.

ఊళ్ళో ఏ కొట్టు నెత్తిన పేరు చూసినా అది ఇరవై రెండేళ్ళుగా అక్షరాలాయన చేతిరాతే. తోడల్లుడు తలుపులకూ కిటికీలకూ రంగులు వేసేవాడు. అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు ఇద్దరూ, ఒకే వీధిలో నాలుగిళ్ళ తేడాలో ఉంటారు. సంస్థవాళ్ళు పనికి మనిషి కావాలన్నప్పుడు ‘రాళ్ళకు రంగులెయ్యడం నేనా?’ అని అక్షరాలాయన గడప దాటలేదు. తోడల్లుడు వెళ్ళాడు. వెళ్ళినవాడికి నారింజ రంగు జాకెట్టూ, టోపీ, జీపులో ముందు సీటూ దొరికాయి. అప్పట్నుంచీ అక్షరాలాయనకు ఆ జీపు హారన్ వినిపిస్తే కుంచె పక్కకు పోతోంది.

సాయంత్రం భార్య ఉతికిన బట్టలు మడత పెడుతుంటే దీర్ఘం సంగతి చెప్పాడు. ఆడవాళ్ళున్నారు జాగ్రత్త అన్న చోట ఆగి, నవ్వు కోసం చూశాడు. ఆమె దుప్పటి అంచులు కలుపుకుంటూనే ఉంది.

“చదువు రానివాళ్ళకి పుర్రె కనిపిస్తుందిగా. అది చాలు.”

“మరి అక్షరాలెందుకు రాయడం?”

“మీలాంటివాళ్ళు ఆగి చదువుతారని.”

అంతలో మరదలు వచ్చింది. చేతిలో ఆ నారింజ రంగు జాకెట్టు.

“అక్కా, దీని జిప్పు ఊడొచ్చింది, కాస్త కుట్టిపెట్టవూ. రేపు బడి వరండాలో మీటింగు. మా ఆయనే మాట్లాడతారట. బావా, మీరూ రావాలి.”

“వాడు మాట్లాడతాడా! మనింటికొస్తే మంచినీళ్ళు అడగడానికే అరగంట పడుతుంది వాడికి.”

“అందుకే వారం రోజుల్నుంచీ అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నారు బావా,” అంది మరదలు. వెక్కిరింపు ఆమెను తాకనే లేదు. ముఖం వెలిగిపోతోంది.

భార్య జిప్పు కుట్టి జాకెట్టును చిలక్కొయ్యకు తగిలించి వంటింట్లోకి వెళ్ళింది. దాని మీది వెండి రంగు పట్టీలు గుమ్మంలోంచి వచ్చే వెలుతురుకు మెరుస్తున్నాయి. అక్షరాలాయన కాసేపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత లేచి పట్టీ మీద వేలు రాశాడు. తర్వాత ఒక చెయ్యి దూర్చాడు. రెండో చెయ్యి భుజం దగ్గర పట్టేసింది. విప్పుకోలేక గింజుకుంటుంటే భార్య గుమ్మంలోకి వచ్చి, చూసి, ఏమీ చూడనట్టు వెనక్కి తిరిగిపోయింది. ఆమె ఏదైనా అని ఉంటే బావుండేదనిపించింది అతనికి.

మర్నాడు వరండా నిండిపోయింది. అక్షరాలాయన చివరి బల్ల మీద, పక్కన దర్జీతో కూర్చున్నాడు. తోడల్లుడు బిగుసుకుపోయి నిలబడ్డాడు. చేతిలో రాసుకొచ్చిన కాగితం ఉంది. అతని వెనక కుర్చీలో సంస్థ మేడం, మందుపాతరలు తీసేవాళ్ళకు పెద్ద.

“ఇప్పుడూ... గడ్డి,” అని మొదలుపెట్టాడు తోడల్లుడు. “మనందరం గడ్డి కోస్తాం కదా. చుట్టూ గొడ్లు మేసి నున్నగా ఉన్నచోట, ఒక్కచోట మాత్రం నడుమెత్తు పెరిగిందనుకోండి. అబ్బ, ఎంత బావుందో అని కొడవలి తియ్యకండి. గొడ్డు కూడా అక్కడికి ఎందుకు పోలేదో ఆలోచించండి.”

“బోర్డు ఉంటుందిగా నాయనా?” అంది ముందు వరసలో ఒక ముసలామె.

“ఉండకపోవచ్చు అవ్వా. రేకు కోసం ఎవడో పీక్కుపోతాడు. కానీ ముందు నడిచినవాళ్ళు ఏదో ఒక గుర్తు పెట్టే ఉంటారు. రెండు పుల్లలు అడ్డంగా పెడతారు, గడ్డి ముడేస్తారు, రాళ్ళు పేరుస్తారు. తుప్పు పట్టిన తీగ కనిపించినా, చచ్చిన మేక కనిపించినా అదీ బోర్డే. ముట్టుకోవద్దు, రాయి విసిరి చూడొద్దు. వచ్చి మాకు చెప్పండి.”

“మరి లోపలికెళ్ళిపోయాక తెలిస్తేనో?” అన్నారెవరో.

తోడల్లుడు కాగితం వైపు చూడలేదు. అది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆగిపోవాలి. అంతే. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోదాంలే అనిపిస్తుంది. వద్దు. ఉన్నచోటే ఉండి కేకెయ్యండి. కాపాడ్డానికి పరిగెత్తుకొచ్చేవాళ్ళని ముందు ఆపండి. మీ కన్నతల్లైనా సరే రానివ్వకండి. మేం వచ్చేదాకా గంటలు పట్టొచ్చు. పట్టనివ్వండి.”

జనం చప్పట్లు కొట్టారు. మేడం లేచి వచ్చి తోడల్లుడి భుజం తట్టింది. ముందు వరసలో అక్షరాలాయన భార్య చప్పట్లు అందరికన్నా ఆలస్యంగా ఆగాయి. అతను అది కూడా లెక్కపెట్టాడు.

“మీ తోడల్లుడు మంచి ఊపుమీదున్నాడే,” అన్నాడు దర్జీ.

“దీర్ఘాలు రావు గానీ ఊపుకేం తక్కువ.”

“కళ్ళల్లో అన్ని నిప్పులు పోసుకోకయ్యా, కనుబొమలు కాలతాయి.”

చుట్టూ నలుగురు నవ్వారు. ఆ నవ్వు అతన్ని ఇంటిదాకా వెంబడించింది. పడుకున్నా పోలేదు. మేడం చూసింది మాటలే, పని చూడలేదు అనుకున్నాడు. పని చూపించాలి. ఒక్కో రాయీ, ఒక్కో తప్పూ రాసి ఆవిడ చేతిలో పెట్టాలి.

శుక్రవారం పొద్దున్న కొట్టు తెరవకుండా, కాగితమూ పెన్సిలూ పట్టుకుని బట్టీ దారిలో బయల్దేరాడు.

మొదటి రాయి దగ్గరే మూడు తప్పులు దొరికాయి. తెలుపు ఎరుపులోకి కారింది. కుంచె వెంట్రుక ఒకటి రంగులోనే ఆరిపోయింది. రెండు రంగుల మధ్య గీత వానపాములా మెలికలు తిరిగింది. నాలుగో రాయి దగ్గర ఇంకోటి కనిపెట్టాడు. తోడల్లుడు రాళ్ళను నేల మీద పెట్టాక తెలుపు వేశాడు, పైగా కుంచె పిండుకోకుండా. ప్రతి రాయి ముందూ నేల మీద తెల్ల చుక్కలు చిందరవందరగా పడి ఉన్నాయి. ‘నేలకు రంగు వేయమని ఎవరూ చెప్పలేదు’ అని రాసుకున్నాడు. రాస్తుంటే ప్రాణానికి హాయిగా ఉంది. ఎండ నడినెత్తి దగ్గరికి వస్తున్నా తెలియలేదు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి కాగితం ఒక పక్క నిండిపోయింది.

మలుపులో కుడి అంచున ఉన్న రాళ్ళు ఎందుకో నచ్చలేదు. ఒక రాయికి అడుగున ఉండాల్సిన మట్టి గీత ఏటవాలుగా పైకెక్కి ఉంది. అతను దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. రాయి తెల్ల ముఖం అతని మోకాళ్ళకు ఎదురుగా ఉంది. ఎరుపు అవతలి పక్క. చుక్కల కోసం నేల చూశాడు. ఒక్కటి లేదు. పక్క రాయి దగ్గరా లేదు. ఇక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేశాడే అనుకుంటే మనసు చివుక్కుమంది.

అంత శుభ్రం వాడి వల్ల అవుతుందా అని తల వెనక్కి తిప్పి దారి చూశాడు.

చుక్కలు అక్కడున్నాయి. అతని వీపు వెనక, రెండంగల దూరంలో, దారి మధ్యలో. ఒక గుత్తి తెల్ల చుక్కలు, పక్కన తలకాయంత గుండ్రంగా పాలిపోయిన గడ్డి. కొంచెం ఎడంగా మరో గుత్తి, మరో పాలిపోయిన గుండ్రం. మలుపుతో పాటే వంపు తిరిగి పదకొండు.

అర్థం కావడానికి కాసేపు పట్టింది. రాళ్ళు ఉండాల్సింది అక్కడ. రాళ్ళు జరిగాయి, చుక్కలు జరగలేదు. దారి అంచు అతని వెనక ఉంది. అతను కూర్చున్నది దారి మీద కాదు.

పెన్సిలు చేతిలోంచి జారి గడ్డిలో పడింది. తీసుకోబోయి చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

రెండే అంగలు. వచ్చిన అడుగులు గడ్డిలో ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఒకటి, రెండు, అయిపోతుంది. మడమ లేవబోయింది. అప్పుడు చెవిలో ఆ గొంతు వినిపించింది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్న గొంతు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోదాంలే అనిపిస్తుంది. వద్దు. ప్రాణం మీదకొచ్చిన వేళ గుర్తొచ్చింది ఆ మనిషి మాటలేనా అని ఒళ్ళు మండింది. మండుతూనే మడమ మెల్లగా దించాడు.

కేకెయ్యాలి. గట్టిగా ఒక కేక పెట్టాడు.

సోమవారం బట్టీ తెరుస్తారని షెడ్లు ఊడ్చడానికి వెళ్ళిన ఆడవాళ్ళు తిరిగి వస్తున్నారు. ఏడెనిమిది మంది. ముందు మరదలు, ఆమె వెనక అతని భార్య.

“బావా, అదేంటి అలా కూర్చున్నారు?”

“రావద్దు! అక్కడే ఆగండి! రాళ్ళు తప్పుగా ఉన్నాయి!”

ఆడవాళ్ళు ఆగి రాళ్ళవైపు చూశారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

“మొన్న దీర్ఘం లేదు, ఇవాళ రాళ్ళే తప్పా?” అంది ఒకామె. “తెలుపు మీ ముందే ఉందిగా, అక్షరాలాయనా! ఎరుపు దాటినవాడిలా అరుస్తారేం?”

మరదలు నవ్వలేదు. ముఖం ఎర్రబడింది.

“మా ఆయనంటే మీకింత ఏడుపెందుకు బావా? చివరికి రాళ్ళు కూడా మీ కంటికి తప్పుగానే కనిపిస్తున్నాయా?”

“ఏడుపే తల్లీ. ఏడుపే అనుకో. కానీ రాకు.”

“లేవండి చాలు. నలుగురిలో నగుబాటు,” అంటూ భార్య చేతిలో చీపురు కింద పడేసి అతనివైపు నడిచింది. నాలుగంగలు వేసింది. ఐదో అంగకు కాలు లేపింది.

“నీకు దణ్ణం పెడతాను, అడుగెయ్యకు!”

కాపురంలో ఏనాడూ అతను ఆమెకు దణ్ణం పెట్టినవాడు కాదు. ఇప్పుడు తల పక్కకు తిప్పుకుని, గొంతుక్కూర్చునే, రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ఆమె లేపిన కాలిని లేపినట్టే వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ చాచి వెనకవాళ్ళను ఆపింది.

“ఎవరూ రాకండి. ఆయన ఆటకి కూర్చోలేదు.”

“అవతలి అంచు పట్టుకుని ఒకరి వెనక ఒకరు పొండి,” అన్నాడతను. “సంస్థవాళ్ళని పిలవండి.”

మరదలే ముందు వెళ్ళింది. ఆడవాళ్ళంతా వెళ్ళిపోయాక భార్య ఒక్కతే దారికి అవతలి అంచున కూర్చుంది.

“కాళ్ళు తిమ్మిరెక్కాయా?”

“ఆ.”

“కాస్త మోకాలు నేలకి ఆనించుకోకూడదూ?”

“కదలకూడదు.”

“ఎవరు చెప్పారు?”

అతను గడ్డిలో పడిన పెన్సిలు వైపు చూశాడు. “నీ మరిది,” అన్నాడు చివరికి.

జీపు వచ్చింది. తోడల్లుడిని జీపు దగ్గరే ఆపేశారు. మేడం బరువైన కవచం తొడుక్కుని, ముఖానికి అద్దం దించుకుని, అతని వీపు వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు చిన్న కత్తెరతో గడ్డి పోచలు కత్తిరించింది. తర్వాత ఇనుము ఉంటే కూతపెట్టే కడ్డీని నేల మీద గాల్లో ఊపింది. తర్వాత సన్నటి ఊచను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చి తీసి, వేలెడు జరిగి, మళ్ళీ గుచ్చింది. ఆమె ఊపిరి అతనికి వినిపిస్తోంది. రెండంగల నేలకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో అతని కాళ్ళు మొదట మండాయి, తర్వాత కొయ్యబారాయి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు.

ఒకచోట కడ్డీ కూత ఆగకుండా మోగింది. అతని కుడి మడమకు జానెడు దూరంలో. ఆమె వేళ్ళతో మట్టిని కొంచెం కొంచెంగా పక్కకు తీసింది. పాలడబ్బా మూతంత ఆకుపచ్చది ఏదో కనిపించింది. ముట్టుకోలేదు. పక్కన ఎర్ర పుల్ల గుచ్చింది.

“ఎడమ కాలు నేను చెయ్యి పెట్టిన చోట పెట్టండి. అటు చూడకండి. నా భుజం పట్టుకోండి.”

దారి మీదికి వచ్చాక అతని కాళ్ళు నిలబడలేదు. భార్య చంకలో చెయ్యేసి కూర్చోబెట్టింది.

మేడం మనుషులు దారి కొలతకని తాము పాతుకున్న సిమెంటు గుర్తు దగ్గర్నుంచి టేపుతో కొలిచారు. మలుపులో పదకొండు రాళ్ళూ రెండంగలు బయటికి ఉన్నాయి. బట్టీ మేస్త్రీని పిలిపించారు.

“మొదట్నించీ అక్కడే ఉన్నాయండీ,” అన్నాడు మేస్త్రీ. “వాళ్ళు ఎక్కడ పెడితే అదే దారనుకున్నాం. మాకేం తెలుసు?”

“మీరు అంచున కొట్టించిన మేకు పీకి, మేకు ఉన్నచోటే రాయి పెట్టాను మేడం,” అన్నాడు తోడల్లుడు. “ఒట్టు. ప్రతి మేకుకీ.”

“మరి ఇవి ఇక్కడికెలా వచ్చాయి?”

తోడల్లుడు తన అరచేతులు చూసుకున్నాడు.

మేడం అక్షరాలాయన వైపు తిరిగింది. “మీరే కదా కనిపెట్టారు. తప్పుగా ఉన్నాయని ఎలా తెలిసింది?”

చుక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఎదురుగా జాకెట్టు వెండి పట్టీలు ఎండకు మెరుస్తున్నాయి.

“చూస్తే తెలిసింది,” అన్నాడు.

అబద్ధం కాదు. అక్కడితో ఆపేశాడు.

“సంగతి తేలేదాకా పనికి రావద్దు,” అని మేడం తోడల్లుడికి చెప్పింది. అతను జాకెట్టు విప్పబోతే జిప్పు సగంలో ఇరుక్కుంది. లాగి లాగి, చివరికి చిన్నపిల్లాడి చొక్కా తీసినట్టు తల మీదుగా తీసి ఇచ్చాడు. జుట్టు చెదిరిపోయింది. సవరించుకోలేదు.

సాయంత్రం ఆ ఆకుపచ్చ దాన్ని ఉన్నచోటే పేల్చేశారు. వీధిలో గిన్నెలు అదిరాయి. అప్పటికే అక్షరాలాయన ఇంటి ముందు పదిమంది ఉన్నారు. “నీది కన్ను కాదయ్యా, భూతద్దం,” అన్నాడు దర్జీ. ఇరవై రెండేళ్ళలో అంతమంది ఒక్కసారిగా తనను మెచ్చుకోవడం అతనెరగడు. మెచ్చుకుంటున్నంతసేపూ నాలుగిళ్ళ అవతలి గుమ్మం వైపే చూశాడు. తలుపు మూసి ఉంది. ఆ తలుపు అలా మూసి ఉండాలని ఎన్నాళ్ళుగానో కోరుకున్నాడు. ఇప్పుడు మూసి ఉంది.

“ఎలా తెలిసింది మీకు?” అంది భార్య అన్నం పెడుతూ.

“చూస్తే తెలిసింది.”

“ఆవిడకి చెప్పిన మాటే నాకూ చెప్తారా?” అని ఆమె గిన్నె తీసుకుని లేచిపోయింది.

శనివారం మేడం స్వయంగా కొట్టుకు వచ్చింది. అతను మందుల షాపు బోర్డుకు సుద్దతో గీతలు కొడుతున్నాడు. ఆమె బల్ల మీద ఒక సంచి పెట్టింది. లోపల నారింజ రంగు.

“రాళ్ళు మళ్ళీ కొలిచి లోపలికి పెట్టించాం. ఈ పని ఇక మీరు చూసుకోవాలి. మేం రోజూ పక్కనుంచే నడుస్తున్నాం, మా కంటికే ఆనలేదు. మీలాంటి మనిషి కావాలి.”

అక్షరాలాయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. సుద్ద పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. సంచి దగ్గరికి జరుపుకున్నాడు. తేలిగ్గా ఉంది. అది తన ఒంటికి పట్టదని అతనికి తెలుసు, పెద్దది అడిగితే ఇస్తారనీ తెలుసు.

“మలుపు మళ్ళీ ఇరుకైందన్నమాట,” అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

“ఇరుకైతేనేం? అది నడిచే దారి. ట్రాక్టరుకి కాదు కదా.”

ట్రాక్టరు అన్న మాట దగ్గర అతని చేతిలో గుడ్డ ఆగింది. బట్టీ ముందు టార్పాలిను కప్పిన ట్రాక్టరు నిన్న దూరం నుంచి కనిపించింది. మిగతా దారంతా ఎలాగో పట్టినా, ఆ ఒక్క మలుపులో అది తిరగదు. రెండంగలు ఎక్కువుంటే తిరుగుతుంది.

జరిపిందెవరో నిన్న ఎవరూ కనిపెట్టలేదనుకున్న చెయ్యి రేపు మళ్ళీ ఆ రాళ్ళ మీద పడుతుంది. సోమవారం ముప్ఫై మంది ఆడవాళ్ళు. గాల్లోకి లేచిన ఐదో అంగ అతని కళ్ళముందు నిలబడింది.

“మేడం,” అన్నాడు. “నిన్న మీకు సగమే చెప్పాను.”

ఆమె జీపులోనే తీసుకెళ్ళింది, ముందు సీట్లో. అతనికది గుర్తే లేదు. మలుపు దగ్గర, తవ్విన చోటు పోగా, తొమ్మిది గుత్తులు మిగిలాయి. కొత్తగా పెట్టిన రాళ్ళు సరిగ్గా వాటి పక్కనే కూర్చున్నాయి. ఆమె వంగి ఒక చుక్కను గోరుతో గీకి చూసింది. మేస్త్రీని పిలిపించింది. చుక్కలు చూడగానే అతని ముఖంలో రంగు దిగిపోయింది.

“రెండంగలేగా మేడం,” అన్నాడు. “ట్రాక్టరు తిరగట్లేదు మరి.”

ఆ మాట తన చెవికే ఎలా వినిపించిందో, మేస్త్రీ తల దించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మేడం అడిగింది. “ఇది నిన్నే ఎందుకు చెప్పలేదు?”

“ఏడుపండీ.”

ఆవిడది ఈ ఊరు కాదు. తడి ఉందేమోనని అతని కళ్ళలోకి చూసింది. లేదు.

జాకెట్టు జీపులో నాలుగిళ్ళ అవతలికి వెళ్ళింది. సాయంత్రం తోడల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను మంచినీళ్ళు కూడా అడగలేదు, అక్షరాలాయన కూర్చోమనలేదు.

“అన్నయ్యా.”

“ఏంటి?”

“చుక్కలు పడకుండా వెయ్యడం ఎలాగో ఒకసారి చూపిస్తావా?”

“అక్కర్లేదు,” అన్నాడు అక్షరాలాయన, కుంచె కడుక్కుంటూ. “పడనీ. మళ్ళీ ఎవడైనా జరిపితే తెలుస్తుంది.”

తోడల్లుడు ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. క్షమించమని ఎవరు ఎవర్ని అడగాలో ఇద్దరికీ తేలలేదు.

సోమవారం పొద్దున్నే అక్షరాలాయన కొట్టు తాళం తీస్తుంటే భార్య వచ్చింది. భోజనం గిన్నె చేతిలోనే ఉంది.

“మీరు రావాలి. అందరూ మొదటి రాయి దగ్గర ఆగిపోయారు.”

“ఎందుకు?”

“మీరు చూసి చెప్తేనే నడుస్తారట.”

“నేనెందుకు? రాళ్ళు పెట్టినవాడు నీ మరిదేగా. వాణ్ణి అడగండి.”

“అతను బావున్నాయనే అంటాడు, తన పని గనక. మేడం కూడా బావున్నాయనే అంది.” ఆమె కొంగు సర్దుకుంది. “అతని పనిలో తప్పుంటే మీరు వదలరని అందరికీ తెలుసు.”

ముప్ఫై మంది దారి మొదట్లో గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. శుక్రవారం కిసుక్కుమన్నామె పక్కకు తప్పుకుని అతనికి దారిచ్చింది. అతను ముందు నడిచాడు. వాళ్ళు పది అంగలు వెనక.

అతను ఒక్కో రాయి దగ్గరా వంగాడు. మట్టి గీత చూశాడు. చుక్కలు చూశాడు. రాయి అంచున గడ్డి నలిగిందా, పాలిపోయిందా అని చూశాడు. దారికి అవతలి వరుస కూడా వదల్లేదు. వెంట్రుకలు అలాగే ఉన్నాయి, వానపాము గీతలు అలాగే ఉన్నాయి. మలుపులో తోడల్లుడు జాకెట్టు వేసుకుని, రంగు డబ్బా కింద పెట్టి నిలబడి ఉన్నాడు. అక్షరాలాయన అతని ముందు నుంచే పదకొండు రాళ్ళూ చూశాడు. మళ్ళీ మొదటికి వచ్చి రెండోసారి చూశాడు. వెతకాల్సినంతా వెతికాడు. వెతుకుతుంటే చెమట పట్టింది. ఒక్క రాయైనా అంగుళం పక్కకుంటే బావుండునని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణానికి తనకే భయం వేసి, మూడోసారి ఇంకా జాగ్రత్తగా చూశాడు.

నడుం ఎత్తి వెనక్కి తిరిగాడు. ముప్ఫై ముఖాలు. అందరికన్నా ముందు భార్య, ఆమె పక్కన మరదలు.

“ఏమంటారు?” అంది భార్య.

“సరిగ్గా ఉన్నాయి.”

“వినపడలేదు బావా,” అంది మరదలు.

తోడల్లుడు నేలవైపు చూస్తున్నాడు.

“సరిగ్గా పెట్టాడు!” అని అరిచాడు అక్షరాలాయన. “మా తోడల్లుడు సరిగ్గా పెట్టాడు. నడవండి!”

ఆడవాళ్ళు కదిలారు. ఒకరి వెనక ఒకరు, చేతుల్లో గిన్నెలతో, ఇద్దరి మధ్యనుంచీ మలుపు తిరిగి బట్టీవైపు వెళ్ళారు. చివరి మనిషి కనుమరుగయ్యేదాకా తోడల్లుళ్ళు చెరో అంచునా నిలబడి, వాళ్ళ పాదాలు చూస్తూ ఉన్నారు.